చేతి సైగను చదివే కంప్యూటరు

గూడూరు జంక్షనులో రైలు కదిలేటప్పుడు కేకలు వినిపించవు. ప్లాట్‌ఫారంపై నిలిచిన తండ్రి చెయ్యెత్తి చేసే సైగయే అప్పుడు కుమారునికి మాట. మనకు సైగ అట్టి సమయాలలో మాత్రమే అక్కరకు వచ్చే ఉపాయం. బధిరులకు అదే నిత్యభాష. ఆ భాషను కంప్యూటరుకు నేర్పగలమా?

చిత్రంలో మనకు చెయ్యి కనిపిస్తుంది. యంత్రానికి అంకెలే కనిపిస్తాయి. అడ్డంగా 300, నిలువుగా 300 చుక్కలున్న చిన్న రంగుల చిత్రంలో 90,000 చుక్కలుంటాయి. చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను తెలిపే మూడేసి సంఖ్యలు, వెరసి 2,70,000. ఈ రాశిలో చేతిని కనుగొనడమే మొదటి మెట్టు. తొలుత చర్మపు రంగును ఆధారంగా తీసుకున్నారు. కాని వెలుతురు మారితే రంగు మారుతుంది. ముఖానిదీ చర్మమే గదా!

అందుచేత ఉదాహరణలతో నేర్పే పద్ధతి వచ్చింది. వేలకొలది చిత్రాలను, అవి ఏ సైగలో తెలిపే గుర్తులతో సహా, యంత్రానికి చూపుతారు. అది పొరపడినప్పుడెల్లా లోపలి లెక్కలు కొద్దిగా సవరింపబడతాయి. 2019లో గూగుల్ సంస్థ వెలువరించిన మీడియాపైప్ పద్ధతి మామూలు కెమెరా చిత్రంలోనే చేతిపై 21 స్థానాలను గుర్తిస్తుంది: వ్రేలికి నాలుగు చొప్పున ఇరవై, మణికట్టు ఒకటి. వాటి నడుమ దూరాలు, కోణాలు తెలిస్తే వ్రేళ్ళ అమరిక తెలిసినట్లే. అయితే అరచేతిని క్రిందికి వంచి "రా" అనడానికీ, అదే చేతిని విసిరి "పో" అనడానికీ భేదం కదలికలో ఉన్నది. కావున ఒక్క చిత్రం చాలదు. వరుస చిత్రాలను పరిశీలించవలసి ఉంటుంది.

గుంటూరు జిల్లా వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయ పరిశోధకులు సెల్‌ఫోను కెమెరాతో ఈ కృషి చేశారు. 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఐదుగురు చేసి చూపిన 200 సంజ్ఞలను తీసుకొని, 92.88 శాతం సరిగా గుర్తింపజేశారు. ఇది మెచ్చదగినదే. కాని నూటికి ఏడు తప్పులన్నమాట మరువరాదు. ఆసుపత్రిలో బధిరుడు చూపిన "నొప్పి" ఆ ఏడింటిలో పడితే ఏమి గతి? పైగా ఢిల్లీలోని భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రం 2021లో వెలువరించిన నిఘంటువులో 10,000 పదాలున్నాయి. ముఖకవళికలూ ఆ భాషలో భాగమే.

యంత్రం తనకు చూపిన చేతుల నుండియే నేర్చుకొంటుంది. మన ప్రాంతపు బధిరుల చేతులు ఆ ఉదాహరణలలో లేకుంటే, రేపటి పరికరం వారిని సరిగా గుర్తించకపోవచ్చు. వారి సమ్మతితో, వారినే గురువులుగా భావించి, విద్యార్థులు ఈ కృషికి పూనుకోవాలి. ఉర్దూ, తెలుగు కలిసి మెలసి ఉన్న కళాశాలకు మూడవ భాష భారం కాదు. యంత్రం నేర్చుకొనేలోగా మనం పది సంజ్ఞలైనా నేర్చుకొందాము.