లైట్ 20 అంటుంది... ఇంజిన్ ఏమంటుంది?

‘‘సింగిల్ రోటర్ ఇంజిన్. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే ఒక స్పార్క్. కారు గ్యారేజీలో వాడే మామూలు టైమింగ్ లైట్ పెట్టాం. నాబ్ 20 దగ్గరకు తిప్పితే పుల్లీ మీది గుర్తు సరిగ్గా సున్నా ఎదురుగా నిలిచింది. ఇగ్నిషన్ అడ్వాన్స్ ఎంత?’’

డ్రోన్లు తయారుచేసే ఒక సంస్థలో నాకు ఎదురైన ప్రశ్న ఇది. అప్పటికి బీటెక్ మెకానికల్ పూర్తయి ఏడాది దాటింది. ‘‘20 డిగ్రీలు సర్’’ అని ఠక్కున చెప్పేశా. ఎదురుగా ఉన్న పెద్దాయన నవ్వారు. ‘‘అది లైట్ చెప్పిన మాట బాబూ. ఇంజిన్ ఏం చెబుతోందో చూడు’’ అన్నారు. నాకేమీ తట్టలేదు. ఉద్యోగమూ రాలేదు.

అప్పట్లో సీతాఫల్‌మండిలో ముగ్గురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్లం. మిగతా ఇద్దరూ కోడింగ్ కోర్సుల్లో చేరిపోయారు. ‘‘మామా, కోర్ జాబ్ అని ఇంకెన్నాళ్లు తిరుగుతావ్?’’ అని రోజూ అడిగేవాళ్లు. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన సాయంత్రం ఓయూ ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని ఆ ప్రశ్ననే తిరగేశా. జవాబు దొరకలేదు. అది దొరికింది మా గల్లీలోని బైక్ మెకానిక్ షాపులో!

స్ప్లెండర్ చెప్పిన రహస్యం

తెలిసినవాళ్ల దగ్గర టైమింగ్ లైట్ అడిగి తెచ్చి, ఆ షాపులో ఉన్న పాత స్ప్లెండర్‌కు తగిలించా. ఆ బండి ఐడ్లింగ్ సుమారు 1,400 ఆర్‌పీఎం ఉండాలి. లైట్ తెర మీద మాత్రం 2,800 చూపించింది. ‘‘లైట్ ఖరాబైందన్నా’’ అన్నా. ‘‘లైట్ మంచిగనే ఉంది తమ్మీ. ఈ బండికి ప్రతి చుట్టుకూ కరెంటు కొడతది’’ అన్నాడు మెకానిక్ అన్న, నట్టు బిగిస్తూనే.

విషయం ఇదీ. ఫోర్ స్ట్రోక్ పిస్టన్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగితే ఒక సిలిండర్‌లో ఒకసారి ఇంధనం మండుతుంది. మామూలు లైట్ ఈ లెక్కనే నమ్ముకుని పనిచేస్తుంది. పాత సీడీఐ బైకుల్లో పికప్ ఫ్లైవీల్ దగ్గరే ఉంటుంది కాబట్టి స్పార్క్ ప్రతి 360 డిగ్రీలకూ వస్తుంది. అందులో ఒకటి పనికొస్తుంది, ఇంకొకటి వృథా. లైట్‌కు ఆ తేడా తెలియదు. అందుకే వేగాన్ని రెట్టింపు చూపించింది.

ఇప్పుడు నా ఇంటర్వ్యూ ప్రశ్నకు వద్దాం. నాబ్‌ను 20కి తిప్పామంటే, స్పార్క్ వచ్చాక రెండు స్పార్క్‌ల మధ్య కాలాన్ని 720 వంతులు చేస్తే అందులో 20 వంతుల సేపు ఆగి వెలగమని లైట్‌కు చెప్పామన్నమాట. కానీ ఆ ఇంజిన్‌లో రెండు స్పార్క్‌ల మధ్య ఉన్నది 360 డిగ్రీలే. అంటే లైట్ ఆగింది 10 డిగ్రీలే. అసలు అడ్వాన్స్ 10!

రోటర్ ఒకటి, షాఫ్ట్ మూడు

రోటరీ అనే పేరుతో రెండు రకాల ఇంజిన్లు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల్లోని నోమ్, లె రోన్ ఇంజిన్లలో సిలిండర్లే గిరగిరా తిరిగేవి. ఇక్కడ మాట్లాడుతున్నది ఫెలిక్స్ వాంకెల్ పేరు మీదున్న రకం గురించి. జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ సంస్థలో 1957 ఫిబ్రవరిలో దాని తొలి నమూనా తిరిగింది. పిస్టన్ ఉండదు, వాల్వులు ఉండవు. మూడు మూలల రోటర్ ఒకటి గుండ్రంగా కదులుతూ ఇన్‌టేక్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్ట్ పనులన్నీ చేస్తుంది. బరువు తక్కువ, వణుకు తక్కువ. అందుకే మోటార్ గ్లైడర్లలో, మానవరహిత విమానాల్లో దీనికి చోటు దొరికింది. అమెరికాలో కొందరు ఇంట్లో కట్టుకునే చిన్న విమానాలకు మాజ్డా 13బీ కారు ఇంజిన్‌ను బిగిస్తారు.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. రోటర్‌కు మూడు ముఖాలు. కాబట్టి షాఫ్ట్ ప్రతి చుట్టుకూ ఒక ముఖం స్పార్క్ ప్లగ్ ముందుకు వస్తుంది. ‘ఇది కంప్రెషన్ టీడీసీనా, ఎగ్జాస్ట్ టీడీసీనా?’ అనే పిస్టన్ ఇంజిన్ తికమక సింగిల్ రోటర్‌కు లేదు. రెండు రోటర్లుంటే మాత్రం అవి 180 డిగ్రీల తేడాతో నడుస్తాయి. వైర్లు తారుమారు చేస్తే టైమింగ్ సగం చుట్టు తప్పినట్టే.

ఇంకో విశేషం... మండే గది పొడవుగా, పలుచగా ఉంటుంది. మంట ఒక చివర నుంచి ఇంకో చివరకు చేరడానికి సమయం పడుతుంది. అందుకే సాధారణంగా ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్‌లు పెడతారు. ఒకటి లీడింగ్, ఇంకొకటి ట్రెయిలింగ్. రెండో తరం ఆర్‌ఎక్స్-7 కారులో ఐడ్లింగ్ వేళ లీడింగ్ ప్లగ్ టీడీసీ దాటిన 5 డిగ్రీలకు, ట్రెయిలింగ్ 20 డిగ్రీలకు స్పార్క్ ఇస్తాయి. మధ్యలో ఉన్న 15 డిగ్రీల తేడాను స్ప్లిట్ అంటారు. ఇవి కారుకు, అదీ ఐడ్లింగ్‌కు పెట్టిన అంకెలు. విమానంలో ఇంజిన్ ఎక్కువ సేపు పెద్ద లోడు మీదే నడుస్తుంది. దాని అంకెలు వేరు. అవెంతో ఆ ఇంజిన్, ఆ ఇగ్నిషన్ సిస్టమ్ మాన్యువలే చెప్పాలి.

టైమింగ్ సరిచూసే పద్ధతి

1. ప్రొపెల్లర్ ఉన్న ఇంజిన్ ఎప్పుడైనా స్టార్టవుతుందనే అనుకోవాలి. చేత్తో తిప్పేముందు ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉందని చూసుకోవాలి. లైట్ పట్టుకున్నప్పుడు తిరిగే ప్రొపెల్లర్ వరుసలో ఎవరూ నిలబడకూడదు.

2. ముందు గుర్తు నిజమో కాదో తేల్చాలి. పుల్లీ మీది గీత, కవర్ మీది పాయింటర్ ఒక జంట. వాటిలో ఏ ఒక్కటి మార్చినా టీడీసీని మళ్లీ కొలవాల్సిందే. గుర్తు 5 డిగ్రీలు తప్పితే, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా 5 డిగ్రీలు తప్పే.

3. లైట్‌ను ఫోర్ స్ట్రోక్‌లో కాకుండా టూ స్ట్రోక్ మోడ్‌లో పెట్టాలి. లేదా నాబ్‌ను సున్నాలో ఉంచి, పుల్లీ మీద కొలిచి గీసుకున్న డిగ్రీల గీతలనే చదవాలి. రెండోదే నమ్మకమైన దారి.

4. లీడింగ్‌ను, ట్రెయిలింగ్‌ను విడివిడిగా చూడాలి.

5. ఐడ్లింగ్‌లో సరిపోయిందని వదిలేయకూడదు. 6,000 ఆర్‌పీఎం అంటే షాఫ్ట్ ఒక మిల్లీ సెకనులో 36 డిగ్రీలు తిరుగుతుంది. సర్క్యూట్‌లో 0.1 మిల్లీ సెకను ఆలస్యం ఉంటే అక్కడ 3.6 డిగ్రీలు పోతాయి. 1,000 ఆర్‌పీఎం దగ్గర అదే ఆలస్యం 0.6 డిగ్రీలే. నేల మీద కనిపించని తప్పు టేకాఫ్‌లో బయటపడుతుంది.

తప్పితే ఏమవుతుంది? స్పార్క్ ఆలస్యమైతే శక్తి తగ్గుతుంది, అసలే వేడిగా ఉండే రోటరీ ఎగ్జాస్ట్ ఇంకా వేడెక్కుతుంది. మరీ ముందుగా వస్తే నాకింగ్ మొదలవుతుంది. రోటర్ మూలల్లో ఉండే సన్నటి ఎపెక్స్ సీల్స్ ఆ దెబ్బకు విరగొచ్చు. ఒక సీల్ విరిగితే దానికి రెండు వైపులా ఉన్న గదుల్లో కంప్రెషన్ పోతుంది. కారైతే పక్కకు ఆపుకోవచ్చు. ఆకాశంలో పక్కకు ఆపే చోటు లేదు.

కోలార్‌లో ఎగిరిన మన ఇంజిన్

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగే పని అనుకోవద్దు. బజార్లో తెలుగు వినిపించే కోలార్ దగ్గరి ఎయిర్‌ఫీల్డ్ నుంచి 2009లో డీఆర్‌డీవో వారి మానవరహిత విమానం నిశాంత్ ఎగిరింది, మన దేశంలోనే తయారైన వాంకెల్ ఇంజిన్‌తో. దాని శక్తి 55 హార్స్‌పవర్. బరువు సుమారు 30 కిలోలు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ లోపలి భాగాలను, సిలిండర్‌కు వేసే నికెల్-సిలికాన్ కార్బైడ్ పూతను తయారుచేసింది. ఇగ్నిషన్, ఇంధన వ్యవస్థలను అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ చూసింది. విమానంలో పరీక్షించే పని ఏడీఈది. నిశాంత్ సైన్యంలో ఎక్కువ కాలం నిలవలేదు. అయినా ఈ పని పంపకం చూడండి. ఒక చిన్న ఇంజిన్‌లో ఇగ్నిషన్ అనేది విడిగా ఒక ప్రయోగశాల తలకెత్తుకోవాల్సినంత పని. అంటే అది తెలిసినవాళ్లకు చోటుంది.

మీరు ఎక్కడ మొదలుపెట్టొచ్చు?

ఇంటర్ ఎంపీసీ తర్వాత: డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థలో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చదవొచ్చు. పిస్టన్ ఇంజిన్ విమానాల మెయింటెనెన్స్‌కు బీ1.2 అనే లైసెన్స్ విభాగం ఉంది. చేరేముందు ఆ సంస్థకు ఏ విభాగంలో ఆమోదం ఉందో డీజీసీఏ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

బీటెక్ తర్వాత: డీఆర్‌డీవో సైంటిస్ట్-బి నియామకాలకు గేట్ స్కోరు ఉపయోగపడుతుంది. అనుభవం కావాలంటే నాట్స్ పోర్టల్ ద్వారా ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు చేయొచ్చు.

ఇప్పుడే, హైదరాబాద్‌లోనే: నౌకాదళం కోసం తయారైన దృష్టి-10 మానవరహిత విమానం 2024 జనవరిలో ఈ నగరం నుంచే బయటికొచ్చింది. దానిది పిస్టన్ ఇంజినే. అయినా స్పార్క్‌ను కొలిచే క్రమశిక్షణ ఒకటే. బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు వెళ్లి, స్టాల్స్‌లో ఉన్నవాళ్లను ప్రశ్నలు అడగండి.

నేను ఆ తర్వాత ఇంకో చోట ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఈసారి జవాబు చెప్పేముందు నేనే అడిగా... ‘‘చుట్టుకు ఎన్ని స్పార్క్‌లు సర్? లైట్ ఏ మోడ్‌లో ఉంది?’’ ఇంటర్వ్యూ అక్కడి నుంచి గంటసేపు సాగింది.

మీకూ ఒక లెక్క. రెండు రోటర్ల ఇంజిన్‌లో లీడింగ్ కాయిల్ రెండు రోటర్లకూ ఒకేసారి స్పార్క్ ఇస్తుంది. అంటే ఒకే వైరులో చుట్టుకు రెండు స్పార్క్‌లు. ఫోర్ స్ట్రోక్ మోడ్‌లో ఉన్న లైట్ 20 చూపిస్తే అసలు అడ్వాన్స్ ఎంత? 5 అని వచ్చిందా? అయితే ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్న నాకంటే మీరు ముందున్నారు.