మీకు తెలుసా? గాలిపటం తోక దాని తలలోనే ఉంది

సంక్రాంతికి పిల్లలు ఎగరేసే గాలిపటాన్ని గమనించండి. మూల మీద నిలబెట్టిన చతురస్రం, కింది కొసకు చిన్న ముక్కోణపు తోక. ఇలాంటి గాలిపటాలతోనే ఒక కాగితమంతా నింపాలి. నడుమ ఖాళీ మిగలకూడదు, ఒకదాని మీదకు ఇంకొకటి ఎక్కకూడదు. లెక్కల క్లాసులో దీన్ని టెస్సలేషన్ అంటారు. తోక అడ్డొస్తుందేమో అనిపిస్తుంది. రాదు!

అట్టతో ఒక చతురస్రం చేసి మూల మీద నిలబెట్టండి. పై మూలను చిన్న ముక్కోణంగా, అడ్డంగా కత్తిరించండి. ఆ ముక్కను తిప్పకుండా, తిరగేయకుండా నిలువునా కిందికి జరపండి. దాని కొన చతురస్రపు కింది మూలను తాకిన చోట వెనకనుంచి టేపు అంటించండి. అదే తోక. ఇప్పుడు ఈ అట్టను డ్రాయింగ్ షీటు మీద పెట్టి, అంచు వెంట గీస్తూ, వరసలుగా జరుపుకుంటూ పోతే, పై గాలిపటం తోక కింది గాలిపటం తల కోసిన చోట సరిగ్గా కూర్చుంటుంది. ఏ ముక్కనూ పారేయలేదు, బయటనుంచి ఏదీ చేర్చలేదు. కాబట్టి వైశాల్యం కూడా మొదటి చతురస్రానిదే. పండగ సెలవుల ముందు ఒక్క పీరియడు చాలు. అచ్చేసిన బొమ్మ చేతికిచ్చి రంగులు మాత్రమే వేయిస్తే ఈ ఆనందం పిల్లలకు దక్కదు. కత్తెర వాళ్ల చేతిలోనే ఉండాలి.

పక్షులు, చేపలు, బల్లులు ఒకదానిలో ఒకటి ఒదిగిపోయే చిత్రాలు గీసిన డచ్ కళాకారుడు ఎం.సి. ఎషర్ (1898–1972) కూడా ఇలా ఒక అంచున తీసింది మరో అంచున చేర్చే పద్ధతినే ఎంతో లోతుగా సాధన చేశాడు. స్పెయిన్‌లోని అల్హంబ్రా కోట గోడల మీది పలకల అల్లికలను 1922లో చూశాడు. 1936లో మళ్లీ వెళ్లి, భార్యతో కలిసి వాటి నకళ్లు గీసుకున్నాడు. ఆ తర్వాత జార్జ్ పోల్యా 1924లో రాసిన గణిత వ్యాసాన్ని పట్టుకుని కూర్చున్నాడు. సమతలం మీద పదేపదే వచ్చే అల్లికల సౌష్ఠవాలు 17 రకాలేనని అందులో ఉంది.

చతురస్రమే కానక్కర్లేదు. వంకరటింకరగా గీసినా సరే, ఏ చతుర్భుజమైనా తనలాంటి వాటితో నేలను పూర్తిగా కప్పేస్తుంది. ప్రతి భుజం మధ్యబిందువు దగ్గర దాన్ని సగం చుట్టు తిప్పుతూ పేర్చండి. నాలుగు వేర్వేరు కోణాలు ఒక బిందువు దగ్గర చేరతాయి. వాటి మొత్తం 360 డిగ్రీలు, ఇక ఖాళీకి చోటేదీ? క్రమ పంచభుజికి ఈ వీలు లేదు. దాని కోణం 108 డిగ్రీలు, 360ని అది శేషం లేకుండా భాగించదు. అయితే భుజాలూ కోణాలూ అసమానంగా ఉన్న కొన్ని పంచభుజులు ఒదుగుతాయి. అలాంటి వాటిలో నాలుగు కొత్త రకాలను 1970లలో కనిపెట్టిన మార్జరీ రైస్ అమెరికాలో ఒక గృహిణి. పత్రికలో వచ్చిన గణిత శీర్షిక చదివి, ఇంట్లోనే బొమ్మలు గీసుకుంటూ సాధించింది.

గాలిపటం కథ ఇంకా పెద్దది. లెక్కల పుస్తకంలో ‘గాలిపటం’ అంటే రెండు జతల పక్కపక్క భుజాలు సమానంగా ఉన్న చతుర్భుజం. ఒక క్రమ షడ్భుజి కేంద్రం నుంచి ప్రతి భుజం మధ్యకూ గీత గీస్తే సర్వసమానమైన ఆరు గాలిపటాలు వస్తాయి. షడ్భుజులు నిండిన కాగితం మీద అలాంటి ఎనిమిదింటిని ఒక ప్రత్యేకమైన తీరులో కలిపితే 13 భుజాల బొమ్మ ఒకటి తయారవుతుంది. చూడ్డానికి టోపీలా ఉంటుంది కాబట్టి దానికి ‘హ్యాట్’ అని పేరు. ఇది, దీని అద్దపు ప్రతిబింబం కలిసి అనంతమైన నేలను కప్పగలవు. కానీ ఆ అల్లికను ఎటు ఎంత జరిపినా మళ్లీ తనతో తాను సరిపోదు! ఒకే ఆకారంతో ఇది సాధ్యమా అని గణితవేత్తలు దశాబ్దాలుగా వెతికారు. బొమ్మను కనిపెట్టినవాడు ఇంగ్లండ్‌లో ముద్రణ రంగంలో పనిచేసి రిటైరైన డేవిడ్ స్మిత్. మరో ముగ్గురితో కలిసి రుజువును 2023 మార్చిలో ప్రకటించాడు. ప్రతిబింబం కూడా అవసరం లేని ‘స్పెక్టర్’ అనే ఆకారాన్ని అదే బృందం సుమారు రెండు నెలలకే బయటపెట్టింది.