మీకు తెలుసా? ఆ ‘9హెచ్’ వజ్రం లెక్క కాదు, పెన్సిల్ లెక్క

కారు పెయింటు మీద పూసే సిరామిక్ కోటింగ్ సీసా మీద గొప్పగా రాసే ‘9హెచ్’, బొమ్మలు గీసే పెన్సిల్ గట్టిదనాన్ని చెప్పే అంకె. వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలతకూ దానికీ సంబంధం లేదు. పరీక్ష కూడా సాదాసీదాదే. పెన్సిల్ ములికిని గరుకు కాగితం మీద రుద్ది చదును చేసి, 45 డిగ్రీల వాలులో, 750 గ్రాముల బరువుతో పూత మీద నెడతారు. గీత పడలేదా, పాస్! ఆ ములికిలో ఉన్నది గ్రాఫైటు, బంకమన్ను. రోడ్డు దుమ్ములోని ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్, మోస్ కొలతలో 7. అందుకే పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే 9హెచ్ పూత మీద కూడా సన్నటి గీతలు పడతాయి.

మరి వేలకు వేలు పోయడం దండగేనా అంటే, కాదు. సిలికా ఆధారంగా చేసిన ఈ పూత పెయింటును పట్టుకుని ఏళ్ల తరబడి నిలుస్తుంది. అదే పనికి రుద్దే, బ్రెజిల్‌లోని కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం వారాల్లోనో, కొద్ది నెలల్లోనో అరిగిపోతుంది. పిట్టరెట్ట పెయింటును తినేలోపు కడుక్కోవడానికి సిరామిక్ కాస్త ఎక్కువ వ్యవధి ఇస్తుంది. బోరునీళ్ల తెల్లమరకలు మాత్రం రెండింటినీ వదలవు. మాటిమాటికీ మైనం రుద్దే ఓపిక లేకపోతే సిరామిక్ మేలు. గీతల భయమొక్కటే అయితే, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, రెండు బకెట్ల నీళ్లు అంతకంటే చవగ్గా పని చేస్తాయి.