కార్నివాల్‌లో గాంధీ కొడుకులు

బ్రెజిల్ కార్నివాల్ అంటే మన రీల్స్‌లో రియో, ఈకల డ్రెస్సులు, సాంబా. అంతే కదా? ఈ ఎపిసోడ్ సాల్వడార్ అనే ఓడరేవు సిటీ గురించి. అక్కడి కార్నివాల్‌లో వేలమంది మగవాళ్లు తెల్లబట్టలు, తలపాగాలతో ఆడుతూ నడుస్తారు. ఆ క్లబ్బు పేరు ఫిల్యోస్ జి గాంధీ, అంటే గాంధీ కొడుకులు. అవును, మన గాంధీయే!

1949లో రేవు హమాలీలు పెట్టుకున్న క్లబ్బు ఇది. గాంధీ హత్య జరిగి అప్పటికి ఏడాది. చేతిలో పైసల్లేవు, దుప్పట్లే డ్రెస్సులు, టవళ్లే తలపాగాలు అయినయి.

గాంధీనే ఎందుకు? అప్పట్లో హమాలీల యూనియన్ మీద ప్రభుత్వం కన్ను, నల్లవాళ్ల డప్పుల మీద పోలీసుల కన్ను. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల మతం కందొంబ్లే. అక్కడ దాని గుళ్లకు పోలీస్ పర్మిషన్ ఉండాలన్న రూల్ 1976 దాకా నడిచింది. అలాంటి చోట శాంతిదూత పేరు ముందు పెట్టుకుని వస్తే ఆపేదెవరు? నాకైతే మస్తు తెలివైన ప్లాన్ అనిపిస్తది. గొడవలు రావద్దని మందు బంద్, ఆడవాళ్లకు ఎంట్రీ లేదు. ఈ రెండోది మాత్రం నాకు నచ్చలేదు.

వాళ్లు వాయించేది సాంబా కాదు, ఇజెషా. కందొంబ్లే పూజల్లోంచి వచ్చిన నెమ్మదైన దరువు, అగోగో అనే జంట గంటలు దాన్ని నడిపిస్తాయి. పూజ దరువు వీధిలోకొచ్చి ఊరంతటిదీ అయింది. మన ఇటిక్యాల దిక్కు పీర్ల గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి డప్పుకి అడుగేసినట్టే.

1970ల మొదట్లో క్లబ్బు బాగా డల్ అయింది. 1972లో లండన్ ప్రవాసం నుంచి తిరిగొచ్చిన గాయకుడు జిల్బెర్తు జిల్ తనే అందులో చేరి, దాని మీద పాట కట్టాడు. జనం మళ్లీ వచ్చారు. ఆయనే 2003లో సాంస్కృతిక మంత్రి అయ్యాడు.

అదే సిటీలో 1974లో ఇలే ఐయే అనే ఇంకో క్లబ్బు నల్లవాళ్లకు మాత్రమే అని చెప్పి మరీ మొదలైంది. వాళ్లు గాంధీ పేరు చాటున నిలబడలేదు. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో.