వంశం, వరస, జన్యువు: రొమ్ము క్యాన్సర్ కుటుంబ చరిత్రలో తెలుగు బంధువాచకాలు

ప్రస్తావన

రొమ్ము క్యాన్సర్ సోకిన స్త్రీలలో నూటికి 5 నుంచి 10 మందిలో మాత్రమే తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించిన ఒక జన్యువులోని మార్పు వ్యాధికి ప్రధాన కారణమవుతుంది. సంఖ్య చిన్నదే. కాని ఆ కుటుంబాలలో అపాయం ఒక్కరితో ఆగదు. అటువంటి కుటుంబాన్ని గుర్తించడానికి వైద్యునికి అందుబాటులో ఉన్న మొదటి సాధనం రక్తపరీక్ష కాదు, "మీవాళ్లలో ఇంకెవరికైనా వచ్చిందా?" అన్న ప్రశ్న. దివిసీమ నుంచో గుడివాడ నుంచో విజయవాడ ఆసుపత్రికి వచ్చిన స్త్రీ దానికి సహజంగా తెలుగులోనే బదులిస్తుంది. ఆమె వాడే బంధువాచకాలు జన్యుశాస్త్రానికి కావలసిన రక్తసంబంధంతో ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

జన్యువును బట్టి వ్యాధి స్వభావం

వంశానుగత రొమ్ము క్యాన్సర్‌కు కారణమైన జన్యువొకటి 17వ క్రోమోజోముపై ఉన్నదని మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపింది. 1994లో ఆ జన్యువును వేరుచేసి గుర్తించారు. అదే బీఆర్‌సీఏ1. 13వ క్రోమోజోముపై ఉన్న బీఆర్‌సీఏ2ను 1995లో గుర్తించారు. తెగిన డీఎన్ఏ పోగులను సరిచేయడం ఈ రెండింటి పని. ప్రతి వ్యక్తికీ వీటి ప్రతులు రెండేసి ఉంటాయి. పుట్టుకతోనే ఒక ప్రతి చెడినవారిలో, ఏదో ఒక కణంలో రెండవదీ చెడితే మరమ్మతు నిలిచిపోయి క్యాన్సర్‌కు దారి ఏర్పడుతుంది. ఇటువంటి మార్పు గల స్త్రీలలో 80 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 విషయంలో 72 శాతం, బీఆర్‌సీఏ2 విషయంలో 69 శాతం అని 2017లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. అయితే ఆ కుటుంబాలు ప్రధానంగా పాశ్చాత్య దేశాలవని మరువరాదు.

రెండు జన్యువుల వల్ల వచ్చే కణితులు ఒక తీరువి కావు. బీఆర్‌సీఏ1 కణితులు తరచు చిన్న వయసులో, ఉద్ధృతంగా వస్తాయి. వాటిలో అధికభాగం ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గ్రాహకాలు గాని, అధికమోతాదులో హెర్2 ప్రోటీను గాని లేని ‘ట్రిపుల్ నెగెటివ్’ రకం. వాటికి హార్మోన్ మాత్రలు పనిచేయవు. బీఆర్‌సీఏ2 కణితులలో ఎక్కువ వాటికి ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో సాధారణ కణితులకూ వీటికీ పెద్ద తేడా కనిపించదు. టీపీ53 అనే మరొక జన్యువు చెడిన కుటుంబాలలో, మరీ పిన్న వయసులో, హెర్2 ఎక్కువగా ఉన్న కణితులు తరచు కనిపిస్తాయి. కాబట్టి బంధువులలో ఎవరికి వచ్చిందన్న దానితో పాటు ఏ వయసులో వచ్చిందన్నదీ అడగవలసిందే.

‘అత్త’ అంటే ఎవరు?

"మా అత్తకు వచ్చింది" అన్న వాక్యాన్ని తీసుకుందాం. అత్త తండ్రి తోబుట్టువు కావచ్చు, మేనమామ భార్య కావచ్చు, భర్త తల్లి కావచ్చు. మొదటి అర్థంలో ఆమె రక్తసంబంధి. ఆమెలో వంశానుగతమైన మార్పు ఉంటే అది మేనకోడలిలోనూ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. తక్కిన రెండర్థాలలో సాధారణంగా ఏ సంబంధమూ లేదు. సాధారణంగా అనడానికి కారణం మేనరికం. మేనత్త కొడుకును చేసుకున్న స్త్రీకి అత్తగారే మేనత్త. మేనమామను చేసుకున్న స్త్రీకి అత్తగారే అమ్మమ్మ. దగ్గరి చుట్టరికాల పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి గనుక ఇది కేవలం ఊహాచిత్రం కాదు.

‘పిన్ని’ తల్లి చెల్లెలు, పినతండ్రి భార్య కూడా. ‘అక్క’ మరింత చిక్కు. తోడబుట్టిన అక్కలో ఉన్న మార్పు చెల్లెలిలో ఉండే అవకాశం సగం. పెద్దమ్మ కూతురినీ అక్క అనే పిలుస్తాం. అక్కడ అది ఎనిమిదింట ఒక వంతుకు తగ్గుతుంది. వరసలు వివాహయోగ్యతను నిర్ణయించే పద్ధతిలో ఏర్పడ్డాయని థామస్ ట్రాట్‌మన్ 1981 నాటి ద్రావిడ బంధుత్వ గ్రంథం చదివినవారికి తెలుసు. జన్యువులను లెక్కించడం వాటి ఉద్దేశం కాదు. అయినా ఇంగ్లీషు ‘ఆంట్’ కంటే మన భాషకు ఇక్కడ శక్తి ఎక్కువే. మేను అంటే శరీరం; ‘మేన’ చేరగానే అత్త తండ్రి తోబుట్టువుగా స్థిరపడుతుంది. ‘తోడబుట్టిన’ అన్న ఒక్క మాట అక్క విషయంలో సందేహాన్ని తీరుస్తుంది. ప్రశ్న అడిగేవారు ఈ మాటలను వాడుకోవాలి.

వంశం, కడుపు

‘వంశపారంపర్యం’ అన్న పారిభాషిక పదంలోనూ ఇబ్బంది ఉంది. లోకవ్యవహారంలో వంశమంటే కొడుకుల ద్వారా సాగేది. జన్యువు ఆ నియమాన్ని పాటించదు. తల్లి వైపు నుంచి ఎంతగా వస్తుందో తండ్రి వైపు నుంచీ అంతే. పురుషులలో రొమ్ము క్యాన్సర్ అరుదు కాబట్టి, మార్పు గల తండ్రి ఆరోగ్యంగా ఉంటూనే దానిని కూతురికి అందించవచ్చు. "ఆడవాళ్ల జబ్బు, అమ్మ వైపే చూడాలి" అనుకుంటే నాయనమ్మ, మేనత్తలు లెక్కలోకి రారు. ‘వంశానుగతం’ కంటే ‘తల్లిదండ్రుల నుంచి వచ్చినది’ అన్న వివరణే ఆసుపత్రిలో మేలని నా అభిప్రాయం.

ఈ జన్యువులు అండాశయ క్యాన్సర్‌కూ కారణాలే. ఇంట్లో దానిని ‘కడుపులో గడ్డ’ అన్నారనుకుందాం. తెలుగులో కడుపు జీర్ణకోశమూ అవుతుంది, గర్భమూ అవుతుంది. ఏ అవయవమో విడిగా అడగకపోతే ఒక ముఖ్యమైన ఆధారం జారిపోతుంది.

దస్త్రాలు కూడా ఈ లోటును పూరించలేవు. మేనత్త, మేనకోడలు పెళ్లిళ్లయి వేర్వేరు ఇంటిపేర్లతో, వేర్వేరు ఊళ్ల చిరునామాలతో ఒకే ఆసుపత్రిలో నమోదైనా, వారిద్దరినీ కలిపే పేరు ఆ కాగితాలలో కనిపించదు. వారి బంధుత్వం రోగి నోటి నుంచే రావాలి.