ఆకే విత్తనమైన రణపాల

శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో డాబా మెట్ల మీదో, గోడవారనో, పాత పెయింటు డబ్బాలో ఒక మొక్క తరచు కనిపిస్తుంది. దళసరి ఆకులు, అంచుల్లో రంపపు పళ్ళలాంటి నొక్కులు. అదే రణపాల. సంస్కృతంలో పర్ణబీజం, వృక్షశాస్త్రంలో కలాంచో పిన్నేటా. మా తరగతుల్లో మాత్రం బ్రయోఫిల్లం అనే అంటాం. పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపమైనా, మన పెరళ్ళలో ఇల్లరికపుటల్లుడిలా స్థిరపడిపోయింది.

దీనికి విత్తనం అక్కర్లేదు, అంటు కట్టనూ అక్కర్లేదు. ముదురాకు ఒకటి కోసి తడి ఇసుక మీద పరిస్తే, కొద్ది వారాల్లో నొక్కుల్లోంచి చిట్టి వేర్లు, చిట్టి ఆకులు పుట్టుకొస్తాయి. పిల్లమొక్కలు రెండంగుళాలు ఎదిగాక విడదీసి, మట్టి, ఇసుక సమపాళ్ళలో, కాస్త మాగిన పశువుల గెత్తం కలిపి కుండీలో నాటాలి. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. మన ప్రాంతంలో ఈ మొక్క ఎండకంటే నీటికే ఎక్కువ చస్తుంది. అందుకని మట్టి ఆరాకే నీళ్ళు పోయాలి. తుఫాను రోజుల్లో అరుగు మీదికి చేర్చాలి. పిండినల్లి పడితే సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచెయ్యాలి. ఈ మాత్రం చూసుకుంటే చలికాలంలో గంటల్లాంటి పూలు గుత్తులుగా వేలాడతాయి.

ఎండకి ఎలా తట్టుకుంటుందంటారా? మన సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటకి 1793లో రాక్స్‌బర్గ్ తర్వాత అధికారిగా వచ్చిన బెంజమిన్ హైన్ దీని ఆకుని రుచి చూశాడు. తెల్లవారి పులుపు, మధ్యాహ్నానికి చప్పన, సాయంత్రానికి కాస్త చేదు! ఈ సంగతి తెలిపే ఆయన లేఖ 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. కారణం తర్వాత తేలింది. నీరు ఆవిరైపోకుండా ఈ మొక్క పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరుస్తుంది. అప్పుడు పీల్చిన బొగ్గుపులుసు వాయువుని మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగటివేళ ఎండ సాయంతో వాడుకుంటుంది. మనం నాలుకతో పని లేకుండా, ఉదయం ఒకాకు, సాయంత్రం ఒకాకు నూరి పి.హెచ్. కాగితంతో చూస్తే చాలు.

నాలుకతో పని లేదని ఊరికే అనలేదు. సెగ్గడ్డలకి, దెబ్బలకి ఆకు వెచ్చచేసి కట్టడం పాత అలవాటే. కాని కిడ్నీ జబ్బుకి పరగడుపున రెండాకులు నమలమనే సలహా మన జిల్లాలో ప్రమాదకరం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల ఉద్దానం జబ్బు రాళ్ళ జబ్బు కాదు. రక్తాన్ని వడగట్టే శక్తే మెల్లగా క్షీణిస్తుంది, నొప్పి తెలియదు. ఈ ఆకులో బుఫాడైనోలైడ్లనే పదార్థాలున్నాయి. అవి గుండె మీద పనిచేస్తాయి. ఈ జాతి మొక్కలు మేసి ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో పశువులు చచ్చిపోయాయి. పైగా దెబ్బతిన్న కిడ్నీ పసర్లలోని పొటాషియంని సరిగా బయటికి పంపలేదు. అదీ గుండెకే ముప్పు. అన్నిటికంటే పెద్ద నష్టం, ఆకు నములుతూ గడిపేసిన నెలలు.

నేను వైద్యుణ్ణి కాను, వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి. అందుకే చెబుతున్నాను: అనుమానం ఉంటే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. సెలవులకి ఉద్దానం వెళ్ళే మిత్రులారా, ఇంటికి ఒక రణపాల పిల్లమొక్కని తప్పక పట్టుకెళ్ళండి. దాంతోబాటు ఈ మాట కూడా ఇంట్లో పెద్దవాళ్ళ చెవిన వెయ్యండి.