మీకు తెలుసా? ఆ 5.8 కిలోమీటర్ల గుట్టు!

బంగాళాఖాతంలో ఉపరితల ఆవర్తనం, 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి ఉందట! వానాకాలంలో ఈ వార్త ఎన్నిసార్లు వినుంటారో. ఎప్పుడైనా ఆలోచించారా, సరిగ్గా 5.8 ఎందుకు? ఆరు అనేస్తే పోయేదిగా! అసలు సంగతి ఇదీ. వాతావరణ శాఖవాళ్లు గాలిని పీడనాన్ని బట్టి పొరలుగా విడదీస్తారు. ఒక్కో పొరకు ఒక్కో పటం! వానాకాలంలో మన నెత్తిన 500 మిల్లీబార్ల పటం ఉండేది ఇంచుమించు ఆ ఎత్తులోనే. అంటే ఆ అంకె చెప్పినప్పుడల్లా మీకు ఓ పటాన్ని చూపిస్తున్నారన్నమాట!

ఆ పటానికి ఇంకో విశేషం ఉంది. భూమ్మీదున్న గాలి బరువులో సగం దాని కిందే ఉంది! వాతావరణం వందల కిలోమీటర్ల పైదాకా ఉంటుందని చదువుకున్నాం కదా. సగం మాత్రం ఈ కాస్త ఎత్తులోనే!

పైన గాలి సంగతి కిందికి ఎవరు చేరవేస్తారు? బెలూన్లు! విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్‌ల నుంచి కూడా ఎగరేస్తారు. తెల్లవారుజామున 5.30 గంటల లెక్కకు! చలికాలంలో అయితే అప్పుడు లండన్‌లో అర్ధరాత్రి. అక్కడివాళ్లూ అదే లెక్కకు ఎగరేస్తారు! ప్రపంచం మొత్తాన్ని ఒకే క్షణంలో చూడాలంటే అందరూ ఒకేసారి కొలవాల్సిందే మరి.

మే నెల ఎండకు మాడిపోతున్నారా? సరిగ్గా మీ నెత్తిమీద, ఓ పదిహేడు కిలోమీటర్ల పైన, చలి ఎంతో తెలుసా? మైనస్ 80 డిగ్రీలకు అటూఇటూ! ఆ నెలలో ఉత్తర ధ్రువం మీద అదే ఎత్తులో కూడా అంత చలి ఉండదు! నమ్మబుద్ధి కాదు, కానీ బెలూన్లు కొలిచి చెప్పిన మాట ఇది.

ఇది మాత్రం శ్రద్ధగా వినండి, పటం దొరికితే మీరే చేసి చూడొచ్చు. నేలమట్టపు పటంలో సమాన పీడనం ఉన్న ఊళ్లను కలుపుతూ గీతలు గీస్తారు. అవే సమభార రేఖలు. మన దేశపు పటాల్లో గీతకూ గీతకూ తేడా 2 మిల్లీబార్లు. ఆ గీత చుట్టూ తిరిగొచ్చి వలయంలా మూసుకుందా? లోపల పీడనం తక్కువగా ఉందా? అల్పపీడనం! రెండు వలయాలా? వాయుగుండం! మూడా? తీవ్ర వాయుగుండం! నాలుగా, అంతకు మించా? తుపాను! సముద్రం మీదైతే గాలి వేగాన్ని బట్టి తేలుస్తారు. నేలమీదికి వచ్చాక మాత్రం ఈ వలయాల లెక్కే. ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించే ముప్పు కాగితం మీద నాలుగు సున్నాలు!

పటం దొరకలేదా? ఫర్వాలేదు! గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎడమ చెయ్యి చాచండి. అల్పపీడనం అటువైపే, కాస్త ముందుకు! విశాఖ బీచ్‌లో ఈశాన్యం గాలి వీస్తుంటే మీ చెయ్యి ఆగ్నేయాన్ని, అంటే నేరుగా సముద్రాన్ని చూపిస్తుంది. బయిస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త 1857లో చెప్పిన సూత్రమిది. మన ఉత్తరార్ధగోళంలో ఇప్పటికీ చెల్లుతుంది!

వాయుగుండం ఒడిశా దగ్గరుంటే వాన ఉత్తరాంధ్రలో, తెలంగాణలో ఎందుకు దంచికొడుతుంది? వానాకాలపు వాయుగుండం నిటారుగా ఉండదు! పక్కకు ఒరిగిన బొంగరంలా నైరుతికి వంగి ఉంటుంది. ఆ వంపు ఒక్కోసారి 7.6 కిలోమీటర్ల పైదాకా! నేలమట్టపు పటం ఒక్కటే చూస్తే ఈ గుట్టు అందదు. పైపటాలు కూడా పక్కన పెట్టుకోవాలి. భారీ వానలు పడేది ఆ నైరుతి పక్కనే!

కేరళలో జోరున వాన. అయినా రుతుపవనాలు వచ్చాయని ప్రకటించరు! ఎందుకని? పడమటి గాలులు 600 మిల్లీబార్ల పటం దాకా నిండాలి. అంటే నాలుగు కిలోమీటర్లకు పైగా! కింద తడిస్తే చాలదు, పైన గాలి కూడా మళ్లాలి.

పత్రికలో తొలి వాతావరణ పటం ఎప్పుడొచ్చింది? 1875 ఏప్రిల్ 1న, లండన్ ‘టైమ్స్’లో! గీసింది ఫ్రాన్సిస్ గాల్టన్. వేలిముద్రల మీద పుస్తకం రాసింది కూడా ఆయనే! ఆ పటంలో ఉన్నది రేపటి వాతావరణం కాదు, నిన్నటిది!

రేపటిది కంప్యూటర్‌తో లెక్కకట్టింది 1950లో, అమెరికాలో. ఎనియాక్ అనే భారీ యంత్రం. తీసుకున్న పటం ఒకే ఒక్కటి, మన 500 మిల్లీబార్లదే! ఒక్క రోజు ముందుకు చెప్పడానికి దానికి పట్టిన సమయం? ఇంచుమించు ఒక రోజు!

చివరిది మన తెలుగు శాస్త్రవేత్తది! పంచేటి కోటేశ్వరం గారు 1958లో ప్రచురించిన పరిశోధన ఉష్ణమండలపు తూర్పు జెట్ గాలిని ప్రపంచానికి పరిచయం చేసింది. వానాకాలంలో కింద మనకు తగిలేది పడమటి గాలి. చాలా ఎత్తున, విమానాలకన్నా పైన, సరిగ్గా ఎదురు దిక్కు నుంచి తూర్పు గాలి దూసుకుపోతుంది! కళ్లారా చూడాలనుందా? జూలైలో మబ్బులు కాస్త విడిన పూట తలెత్తండి. కింది నల్లమబ్బులు తూర్పుకు పరిగెడుతుంటాయి. పైన దూదిపింజల్లాంటి సన్నటి తెల్లమబ్బులు పడమటికి!